నీటికి మేత, నీటికి దారి: మెట్ట కృష్ణ చెరువుల నుంచి పగడపు తొట్టె దాకా

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి డెల్టాయే గుర్తొస్తుంది. కానీ 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పుడు ఆ కాలువల నీళ్లు కిందికే పారాయి. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం మెట్టగానే మిగిలింది. వైరాను కలుపుకున్న మునేరు, పాలేరు ఈ నేల మీదుగానే పోయి కృష్ణమ్మలో కలుస్తాయి. అయినా వానాకాలంలో పోటెత్తి వేసవిలో ఇసుక తేలే ఏళ్లు అవి. పశువుకు నీళ్లు, మడికి తడి, చేపకు చోటు ఇచ్చి ఊళ్లను నిలబెట్టింది మాత్రం చెరువులు. 2022లో జిల్లాలు విడిపోయి ఈ రెండు ఊళ్లూ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. చేపల గుంటల కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయింది. అయినా నీళ్లను పోషించే విద్య ఎలా పెరిగిందో చెప్పాలంటే ఈ మెట్టనూ ఆ కొల్లేరు సరస్సు లంకలనూ కలిపే చూడాలి.

నిలవ నీళ్లు ఎక్కడున్నా మూడింటి మధ్యే కథ నడుస్తుంది. నీళ్లలో చేరే సారం ఒకటి, ఆ సారాన్ని తిని పెరిగే నాచు ఒకటి, రెంటినీ కదిలించే పారకం ఒకటి. ఊరి చెరువైనా, వంద ఎకరాల చేపల గుంటైనా, నట్టింట్లో అద్దాల తొట్టెలో పెంచే పగడాలైనా లెక్క ఇదే. సారం లోపలికి ఎంత వస్తోందన్నది ప్రతి తరమూ చూసుకుంది. అది ఏ దారిన బయటికి పోతోందన్నది చూసినవాళ్లు తక్కువ. ఈ చరిత్రలో గెలుపోటములన్నీ ఆ రెండో లెక్క దగ్గరే తేలాయని నా నమ్మకం.

పాత చెరువుకు ఆ దారి ఉండేది. పైచేల నుంచి వాన కడిగి తెచ్చిన ఒండ్రు, ఆకు, పేడ, మేకల పెంటికలు అన్నీ చెరువులోకే చేరేవి. తొలకరి నీళ్లు ఎర్రగా వచ్చి పది పదిహేను రోజులకు తేటపడేవి. చెరువు నిండితే పైనీళ్లు అలుగు దాటి పోయేవి, తూము తీస్తే అడుగునీళ్లు మళ్లకు పోయేవి. అలుగు మీంచి పోయేది పలచటి నీరు, తూములోంచి పోయేది చిక్కటి నీరు. అందుకే తూము కింది మడికి ఎరువు తక్కువ పట్టేది. వేసవికి చెరువు ఎండేది, దాన్ని ఎవరూ కీడుగా చూడలేదు. నెర్రెలు విచ్చిన అడుగుమన్నుకు గాలి, ఎండ తగిలి కుళ్లు విరిగేది. వైశాఖంలో బళ్లు చెరువులోకి దిగేవి. పలుగుతో పెళ్లగిస్తే పైన బూడిదరంగు పెంకు, దాని కింద నల్లగా జిగురుగా ఒండ్రు, అందులో ఎండిన గుల్లలు, నత్తల పెంకులు. ఆ మన్నును ఎర్రనేలల్లో, గులకనేలల్లో కుప్పలు పోసి, తొలకరి వానకు చేనంతా పరిచేవాళ్లు. సన్నటి బంకమన్ను, సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం కలిసిన సరుకు అది. చేను నుంచి జారిపోయిన సారం బండెక్కి మళ్లీ చేనుకే చేరేది. చెరువులోంచి సారాన్ని బయటికి తీసే ఏర్పాట్లలో ఇంతకు మించినది తర్వాత వచ్చిన యంత్రాల్లోనూ నాకు కనపడలేదు.

తాగేనీటి పద్ధతి వేరు. మంచినీళ్ల చెరువులో గొడ్లను దింపనిచ్చేవాళ్లు కాదు, బట్టలు ఉతకనిచ్చేవాళ్లు కాదు. సారం లోపలికి రాకుండా గట్టు దగ్గరే ఆపడం అది. ఆ పైన ఇంట్లో చిల్లగింజ ఉండేది. కుండ లోపలి గోడకు గింజను నాలుగు చుట్లు అరగదీసి మడ్డినీళ్లు పోస్తే, తెల్లారేసరికి మన్ను అడుగున పేరుకుని పైన తేటనీరు నిలిచేది. గింజలోని పదార్థం మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుంది. నీటిశుద్ధి కేంద్రంలో పటిక చేసే పనీ అదే. అయితే నీళ్లలో కరిగిపోయిన నత్రజనినీ భాస్వరాన్నీ గింజా పట్టలేదు, పటికా పూర్తిగా పట్టలేదు. తేటగా కనపడే నీళ్లన్నీ సారం లేని నీళ్లు కావు.

శాసనాల్లో చెరువు గురించి ఏం రాశారో చూస్తే అప్పటివాళ్ల దృష్టి తెలుస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలు చెప్పింది, 6 దోషాలూ చెప్పింది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బళ్లు, రెండేళ్ల పని అని లెక్కలు కూడా రాసింది. ఆ దోషాల్లో కట్ట ఊరడం ఉంది, చవిటి నేల ఉంది, చెరువు నడుమ మిట్ట ఉండటం ఉంది, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్లు ఎక్కువ కావడం ఉన్నాయి. అంటే నీటి రాకపోకలు, నేల గుణం బాగా తెలుసు. నాచు ఊసు లేదు. ఏటా ఎండి, ఏటా పూడిక పోయే చెరువుకు దాన్ని దోషంగా రాయాల్సిన అవసరం రాలేదని నేననుకుంటాను. కట్ట బాగుచేసేవాళ్లకు ఇచ్చే దశబంధం మాన్యాలు నడిచినంతకాలం ఆ పని ఏటేటా జరిగింది. మాన్యాలు, జమీలు కదిలిపోయి చెరువు సర్కారు పద్దులోకి ఎక్కాక, ఊరి పని కాస్తా ఎస్టిమేటు పనిగా మారింది.

నీళ్లలోని నాచు గురించి శాస్త్రం మొదలైంది మాత్రం గాజుపాత్రలో. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, బంగారు చేపలనూ వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ ఒకే పాత్రలో ఉంచి చూశాడు. మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకు సరిపోయింది. కానీ ఆకులు కుళ్లి, నాచు పట్టి నీళ్లు చెడసాగాయి. నత్తలను వేశాక తొట్టె నిలదొక్కుకుంది. మొక్క, చేప, నత్త ఈ మూడూ ఉంటే నీళ్లు మార్చక్కర్లేదన్న ఆశ అక్కడే పుట్టింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు, మరుసటేడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ఇంట్లో అద్దాల తొట్టె పెట్టుకోవడం మోజుగా పాకింది. ఆ తొట్లలో ఎక్కువభాగం నిలవలేదు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవుల్ని వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపింది 1890లో. అంతవరకు తొట్టె ఎందుకు చస్తుందో పూర్తిగా అంతుపట్టలేదు.

1934లో రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త సముద్రంలోని సూక్ష్మ నాచులో కార్బన్, నత్రజని, భాస్వరం దాదాపు స్థిరమైన పాళ్లలో ఉంటాయని తేల్చాడు, ఆ పాళ్లు తర్వాత 106:16:1గా స్థిరపడ్డాయి. ఈ మూడింటిలో నాచుకు తక్కువ మోతాదు చాలేది భాస్వరం. చాలా మంచినీటి సరస్సుల్లో తక్కువపడేదీ అదే. 1973లో కెనడాలో షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా చేసి, ఒకవైపు కార్బన్, నత్రజని, మరోవైపు వాటితోపాటు భాస్వరం కూడా కలిపింది. భాస్వరం పడినవైపు నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి, రెండోవైపు తేటగా ఉండిపోయాయి. మన రైతు గుంటలో సూపర్ ఫాస్ఫేటు చల్లితే నీళ్లు ఎందుకు రంగు తిరుగుతాయో చెప్పడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

మెట్టకు పెద్ద మార్పు 1967లో మొదలైంది. ఆ ఏడు ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. దాని ఆయకట్టు చివరి భాగం ఈ మెట్ట కృష్ణలో ఉంది. సాగర్ కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఈ గడ్డవాడే. కాలువ వచ్చి జొన్నచేలు వరిమళ్లయ్యాయి, మిరప, పత్తి పెరిగాయి, ఆకలి తగ్గింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అయితే చెరువు స్వభావమూ మారింది. కాలువ నీళ్లు అందే చోట చెరువు ఎండటం తగ్గింది. ఎండని చెరువులో బండి దిగదు. 46 శాతం నత్రజని ఉన్న యూరియా బస్తా అంగట్లో దొరుకుతుంటే చెరువుమన్ను తోలే కష్టం ఎవరు పడతారు? పొలంలో వేసిన యూరియా, డీఏపీలో పైరు తీసుకోగా మిగిలింది మురుగు వెంట చెరువుకు చేరింది. రావడం పెరిగింది, పోవడం ఆగింది. గుర్రపుడెక్క, తూటికాడ, తీగనాచు ఊరి చెరువులో కాపురం పెట్టింది అప్పటినుంచే.

చేపల పెంపకం ఇంకో దారిన వచ్చింది. అంతకు ముందు బొచ్చె, శీలావతి పిల్లల కోసం వరదకాలంలో నదుల మీద ఆధారపడాలి, అవి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌదురి, అలికున్హి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. జూలై 10న జాతీయ మత్స్యరైతుల దినం జరుపుకునేది అందుకే. 1959లో వెండిచేప, గడ్డిచేప విదేశాల నుంచి వచ్చాయి. 1971లో మొదలైన అఖిలభారత పరిశోధన పథకం మిశ్రమ పెంపకాన్ని రైతు దాకా తెచ్చింది. ఆ పద్ధతి అసలు బలం నీటిని అంతస్తులుగా పంచుకోవడంలో ఉంది. బొచ్చె పైన తేలే జంతుప్లవకాలను తింటుంది, వెండిచేప సన్నటి నాచును వడకడుతుంది, శీలావతి నడిమినీటిలో మేస్తుంది, మోసు, బంగారుతీగ అడుగు కెలుకుతాయి, గడ్డిచేప కలుపు తింటుంది. పేడ, సూపర్ వేసి నాచు పెంచడం, ఆ నాచును చేపగా మార్చి వలతో ఒడ్డుకు లాగడం, ఇదీ లెక్క. నాచు శత్రువు అన్న మాట ఇక్కడ చెల్లదు. అది పైరు, దాన్ని మేపాలి, కోయాలి.

మెట్ట ఊళ్లలో ఈ లెక్క సాఫీగా సాగలేదు. చెరువును పాట పెట్టి, పాడుకున్నవాళ్లకో మత్స్యకార సహకార సంఘానికో చేపల హక్కు ఇస్తారు. వాళ్లకు నీళ్లు నిలవాలి, ఆయకట్టు రైతుకు తూము తీయాలి. వాళ్లు కోళ్లపెంట దించుతామంటారు, గొడ్లు తాగే నీళ్లలో అదేమిటని ఊరు అడ్డుపడుతుంది. ఇద్దరిదీ న్యాయమే. ఒకే నీటిని నలుగురు నాలుగు పనులకు వాడేచోట సారాన్ని ఒకరి ఇష్టానికి పెంచడం కుదరదు. అందుకే పెద్ద ఎత్తున పెంపకం, పొలాన్ని తవ్వి గట్లు కట్టి ఒకే పనికి కేటాయించిన గుంటల్లోనే కుదిరింది. అది కొల్లేటి వైపు పోయింది.

కొల్లేరులో 1976లో ప్రభుత్వం సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. పదేళ్లలో ప్రైవేటు గుంటలు వాటిని మించిపోయాయి. అక్కడి రైతులు సొంతంగా కనిపెట్టిన మేత పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఎరువు ఖాళీ సంచి అడుగుభాగంలో వరుసగా చిల్లులు పొడిచి, నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క నింపి, గుంటలో పాతిన వెదుళ్లకు కడతారు. పొద్దున్నే మనిషి పడవేసుకుని వెదురు వెంట వెదురు తిరిగి సంచులు నింపుతాడు. సంచి నీళ్లు తాకీ తాకకముందే చుట్టూ నీరు కుతకుతలాడినట్టు కదులుతుంది. శీలావతి చిల్లుకు మూతిపెట్టి పీల్చుకుంటుంది. పగటిపూటకు సంచి వాలిపోతే చేప ఆకలి బాగున్నట్టు, బరువుగానే ఉంటే గుంటలో ఏదో తేడా ఉన్నట్టు. మేత అడుక్కి జారి కుళ్లడం తగ్గింది, చేప ఆరోగ్యం రోజూ చేతికి తెలిసింది. ఏ ప్రయోగశాలా చెప్పకుండా కష్టజీవి తేల్చుకున్న పద్ధతి ఇది, దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

అయినా మేతలో ఉన్న నత్రజనిలో చేప ఒంట పట్టేది నాలుగో వంతు నుంచి మూడో వంతు. మిగతాది నీళ్లకే. అది నాచవుతుంది. నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి చేపతోపాటు తనూ పీలుస్తుంది. ముసురుపట్టిన రోజుల్లో పగలు తయారయ్యేది తక్కువ కాబట్టి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు పరుగులు, ఇంజను పెట్టి నీళ్లు ఎగజిమ్మడం, కొత్తనీరు పెట్టడం. రైతు నీళ్ల రంగు చూసి ముందే పసిగడతాడు. లేతాకుపచ్చ, గోధుమ కలిసిన ఆకుపచ్చ మంచివి. ముదురాకుపచ్చగా పెయింటులా తేలితే నీలిఆకుపచ్చ నాచు ముదిరినట్టు. మోచేతి లోతు నీటిలో అరచెయ్యి కనిపిస్తోందా లేదా అన్నది కొలత. 1865లో ఇటలీలో సెక్కి అనే పాద్రీ శాస్త్రవేత్త సముద్రంలోకి తెల్లపళ్లెం దించి చూసిందీ ఇదే పరీక్ష. ఆ పళ్లెం 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు కనిపిస్తే గుంట మేపుదలలో ఉన్నట్టని పుస్తకాలు చెబుతాయి.

గుంటలోంచి వదిలిన పచ్చనీళ్లు ఎక్కడికి పోవాలి? కొల్లేటికి. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. చేపల గుంటల గట్లు అడ్డొచ్చి ఆ పారకమూ మందగించింది. గుర్రపుడెక్క, కిక్కిస కమ్ముకున్నాయి. 1999లో 5వ కాంటూరు (సమోన్నత రేఖ) వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పేల్చారు. తీరం వెంట రొయ్యలదీ అదే తీరు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య పిచ్చిగా పెరిగింది. ఒకడు వదిలిన నీళ్లే పక్కవాడు తోడుకునే కాలువల్లో 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చిపడింది. ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. 1996 డిసెంబరు 11న రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వరసగా వచ్చాయి. వెనామీతో పాటే చక్రాల ఏరేటర్లు గుంట గుంటకూ చేరాయి. నీళ్లు మార్చడం తగ్గించి ఉన్న నీళ్లనే తిప్పడం అలవాటైంది.

ఇదే చిక్కును మరీ ఇరుకు చోట ఎదుర్కొన్నవాళ్లు పగడాలు పెంచేవాళ్లు. పగడపు దిబ్బ చుట్టూ సముద్రం సారంలో నిరుపేద, తేటదనంలో సంపన్నం. నాచుకు కాస్త భాస్వరం దొరికితే చాలు, పగడాన్ని కప్పేస్తుంది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్లు, సూర్యరశ్మి, గాలి బుడగలు, వీటితోనే తొట్టెను నిలబెట్టి చూపాడు. రాతి రంధ్రాల్లోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా, గాలాడని లోపలి పొరల్లో నైట్రేటును వట్టి నత్రజని వాయువుగా మార్చేస్తాయి. వాయువు ఎగిరిపోతుంది, అదీ ఒక బయటి దారి. 1970లలో జర్మనీవాళ్లు నురగ యంత్రం కలిపారు. సన్నటి బుడగలకు సేంద్రియ మలినం అంటుకుని నురగగా పైకి పొంగితే, కుళ్లకముందే తీసి పారబోస్తారు. పీటర్ విల్కెన్స్ పగడపు ఎముక పెరగడానికి సున్నపు తేట పోయమన్నాడు. ఇది చదివినప్పుడు నాకు పేట గుర్తొచ్చింది. జగ్గయ్యపేట చుట్టూ ఉన్నదంతా సున్నపురాయి. బౌద్ధస్తూపం పలకలు చెక్కిందీ ఆ రాతి జాతిలోనే, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుతోందీ దాన్నే. ఎండగట్టిన గుంటలో పులుపు విరగడానికి మన రైతు చల్లేదీ సున్నమే. పగడం తన ఒంట్లో కట్టుకునేదీ ఆ కాల్షియం కార్బొనేటే.

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980 నాటికి వేరే దారి తొక్కాడు. నాచును తరమొద్దు, దాని చోటు మార్చు అన్నాడు. తొట్టె పక్కన వెలుతురు కింద వలలాంటి జల్లెడ పరిచి, దానిమీదకు అలలు అలలుగా నీళ్లు దొర్లించాడు. నాచు ఆ జల్లెడమీద పట్టి నీళ్లలోని సారాన్ని తినేస్తుంది, అప్పుడప్పుడూ గీకి తీసేస్తే సారం తొట్టె దాటినట్టే. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో తెరిచిన పెద్ద పగడపు తొట్టెకు ఈ పద్ధతే పెట్టారు. వైశాఖంలో బండెక్కిన చెరువుమన్నుకు ఇది నేరుగా వారసురాలు. ఇక్కడ పారకం పనీ పెద్దదే. ఒకే వైపు తోసే ధార కంటే ముందుకీ వెనక్కీ ఊగే అల పగడానికి మేలు, దాని ఒంటిని అంటుకున్న మలినం కొట్టుకుపోతుంది, ఆహారం అందుతుంది. మన దేశంలో ఈ సరదాకు హద్దుంది. 2001లో రాతిపగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సముద్రంలోంచి పెరికి తెచ్చుకోవడం నేరం, అలా ఉండటమే సబబు.

పగడాల తొట్టెకు ఓడ్కా చుక్కలు పోసేవాళ్లున్నారు. రొయ్యల గుంటలో బెల్లం పోసేవాళ్లు మనవాళ్లు. రెండూ ఒకే సూత్రం. నీళ్లలో నత్రజనికి తగ్గ కార్బన్ అందిస్తే సూక్ష్మజీవులు దాన్ని పట్టుకుని తమ ఒళ్లు పెంచుకుంటాయి. ఇజ్రాయెల్‌లో అవ్నిమెలెక్ 1999లో ఈ కార్బన్-నత్రజని నిష్పత్తిని లెక్కకట్టి చూపాక బయోఫ్లాక్ అనే ఈ పద్ధతి ఊపందుకుంది. ఆ సూక్ష్మజీవుల ముద్దల్ని చేప మళ్లీ తింటుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన కింద బయోఫ్లాక్ తొట్లకు రాయితీ ఇచ్చారు. నీళ్లు కరువైన మెట్టలో పెరట్లోనే గుండ్రటి టార్పాలిన్ తొట్టె అన్నది ఆశ పెట్టే మాట. గాలి యంత్రం గంటసేపు ఆగితే తొట్టె మొత్తం పోయే ప్రమాదం ఉంది, కాబట్టి కరెంటు పోతే నడపడానికి జనరేటరు లేనివాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిదని నా సలహా.

ఊరి చెరువు సంగతి ఇంకా తేలలేదు. 2015లో ఇక్కడ నీరు-చెట్టు, ఎల్లకు అవతల తెలంగాణలో మిషన్ కాకతీయ పథకాలు ఒకే ఏడు మొదలయ్యాయి. పూడిక తీయడం మళ్లీ పనిగా గుర్తింపు పొందింది. కానీ పొక్లెయిన్ తోడిన మన్ను అంతా చేనుకు పోవడం లేదు, ఇళ్లస్థలాల మెరకకూ రోడ్ల కట్టలకూ పోతోంది. పైపొర ఒండ్రు చేనుకు, కింది గట్టిమన్ను మెరకకు అని విడదీసి తోలితే రెండు పనులూ జరుగుతాయి. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి నందిగామ దగ్గర హైదరాబాదు రహదారిని ముంచింది. అంత వరద వచ్చిపోయిన చెరువులో నాచు కొట్టుకుపోయినా కొత్త ఒండ్రు మందంగా దిగుతుంది. చేపల పాట పెట్టే కాగితంలో ఎన్నేళ్లు, ఎంత సొమ్ము అన్నవి రాస్తున్నారు. మూడేళ్లకో వేసవి చెరువు ఎండగట్టాలి, ఆ ఏడు పైపొర మన్ను ఆయకట్టు రైతులకు వదలాలి అన్న రెండు షరతులు కూడా దానిలో చేర్చాలి. పాట పంచాయతీ చేతిలో ఉన్నచోట వచ్చే వేలానికే ఆ పని చేయవచ్చు.